మేత బస్తాలు, ఎర్ర బుష్‌లు

సెల్‌ఫోన్లు చెరువుగట్ల మీదికి అప్పుడప్పుడే వచ్చిన రోజులు. కైకలూరు దగ్గర నాకో చేపల చెరువు, ఓ పాత కారు ఉండేవి. డిక్కీ నిండా మేత బస్తాలు వేసుకుని మలుపు తిరిగితే కారు వెనక భాగం ఊగిపోయేది. వెనక చక్రాల్ని పట్టి ఉంచే కడ్డీల చివర రబ్బరు బుష్‌లు అరిగిపోయాయని ఏలూరులో మెకానిక్ సాయిబుగారు చెప్పారు. నేను మద్రాసు నుంచి పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ బుష్‌లు తెప్పించాను. ఎర్రగా, గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి.

"బండి ఊగదు గానండీ, ప్రతి గతుకూ లోపల మనిషికి తెలుస్తుంది. అక్కగార్ని ఆస్పత్రికి తీసుకెళ్తుంటారు కదండీ, ఆలోచించుకోండి," అన్నారాయన.

"మీరు బిగించండి," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మా అక్క మండవల్లిలో టీచరు. వెన్నుపూసకి జబ్బు. పది రోజులకోసారి ఏలూరు డాక్టరుకి చూపించి ఇంజెక్షన్ వేయించాలి. మానితే కాళ్లు పడిపోతాయని ఆయన ముందే చెప్పాడు. తీసుకెళ్లడానికి నేను తప్ప ఎవరూ లేరు.

చెరువుల వాళ్లం ఏ బండినైనా మేత బస్తాలేసి చూస్తాం. అదో అలవాటు. ఎనిమిది బస్తాలేసి గట్టంతా తిప్పాను. కుదుపన్నదే లేదు. సాయిబుగారికేం తెలుసని మీసం మెలేశాను. బరువుంటే ఏ బండిలోనైనా గతుకులు తెలియవన్న ఇంగితం నాకు లేకపోయింది.

మర్నాడు ఖాళీ డిక్కీతో అక్కని ఎక్కించుకున్నాను. మొదటి గతుకుకే "అమ్మో!" అని డోరు పట్టుకుంది.

"ఒరేయ్, మెల్లగా పోనీరా."

"కారుకేం రోగం లేదు. రోగం నీకు."

ఇంకాస్త దూరం పోయాక ఏడుస్తూ అంది: "నేనెక్కినప్పుడు కూడా ఆ బస్తాలు వెయ్యరా. కాస్త నయంగా ఉంటుందేమో."

"నీకంటే బస్తాలే నయం. నోరెత్తవు," అన్నాను. నవ్వాను కూడా. ఛీ, నా బతుకు!

తర్వాతసారి తను రానంది. నొప్పి తగ్గిందంది. అబద్ధమని నాకు తెలుసు. పీడా పోయిందనుకుని చెరువుకి పోయాను. అలా మూడుసార్లు జరిగింది.

ఓ పొద్దున మంచం దిగబోయి కూలిపోయింది. అంబులెన్సులో ఏలూరు తీసుకెళ్లాం. కాళ్లు పోయాయనీ, నడుం కింద స్పర్శ కూడా లేదనీ, ఇక రాదనీ డాక్టరు చెప్పాడు.

"ఎందుకు మానేశారమ్మా?"

"తమ్ముడికి చెరువు పనులండీ. నేనే వద్దన్నాను," అంది, నా వైపు చూడకుండా.

ఆస్పత్రి నుంచి అక్కని ఇంటికి పంపే ముందురోజు సాయిబుగారి చేత ఎర్ర బుష్‌లు పీకించి మళ్లీ రబ్బరువి వేయించాను. ఆయన పీకినవాటిని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

మండవల్లి దారిలో ప్రతి గతుకూ తప్పిస్తూ నడిచినట్టు నడిపాను.

"కుదుపు తెలుస్తోందా అక్కా?" అని అడిగాను. అంతకు ముందెప్పుడూ అడగని మాట.

"నడుం కింద నాకేం తెలుస్తుందిరా," అంది. "తొందరగానే పోనీ. చేపలకి మేత వేళవుతోంది."