లంక రేవులో ఆస్ట్రేలియా

గుడివాడ నుంచి వెలువడే ఒక చిన్న మాసపత్రికలో ఎనిమిదేళ్లుగా ఆస్ట్రేలియా రాజకీయాల గురించి రాస్తున్నాను. ఆ దేశం నేను చూడలేదు. బందరులో మా అరుగు మీద రేడియో పెట్టుకుని ఆ దేశపు వార్తలు విని, డైరీలోకి ఎక్కించి, నెలాఖరుకు వ్యాసం చేస్తాను. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. నా సిద్ధాంతం ఒకటే: మనిషి బతుకుదారికి అడ్డంగా గేటు పెట్టే హక్కు ఎవరికీ లేదు, సర్కారుకు అసలే లేదు. ఆస్ట్రేలియాయే ఎందుకని అడుగుతారు. అక్కడ అందరికీ చదువుంది, తిండి ఉంది. పేదరికం మీద నెపం వేయడానికి వీల్లేదు కాబట్టి గేట్లు తేటగా కనిపిస్తాయి. ఓటు వేయకపోతే జరిమానా. లైసెన్సు పలక కొనకుండా టాక్సీ నడపడానికి లేదు. చాలా ఏళ్లపాటు పెద్ద ఊళ్ల మధ్య విమానాలు నడిపే హక్కు రెండే కంపెనీలకు ఇచ్చారు.

1998 సెప్టెంబరులో ఒక శనివారం, ఆ నెల వ్యాసం సంచిలో పెట్టుకుని ఆరున్నర ప్యాసింజరు ఎక్కాను. పెడనలో కలంకారీ దుప్పట్ల మూటతో ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నేను డైరీ తీసి రైలు కదిలిన వేళ రాసుకోవడం చూసి, "ఇన్సూరెన్సు ఏజెంటాండీ?" అన్నాడు. కాదన్నాను. "హమ్మయ్య" అని మూటకు ఆనుకుని నిద్రపోయాడు.

గుడివాడ స్టేషను బయట ఇడ్లీ, కాఫీ ముగించి ప్రెస్సుకు వెళ్లాను. సంపాదకుడు సాంబశివరావు నా వ్యాసం తిరగేసి, "మళ్లీ ఓడరేవుల గొడవేనా మాస్టారూ? పాఠకులు కంగారూ కోసం చూస్తుంటే మీరు పన్నులు చూపిస్తున్నారు" అన్నాడు. ఆ ఏడాది అక్కడి రేవుల్లో పెద్ద రభస జరిగింది. సరుకు దింపే పని మాదేనని యూనియను, మాదేనని కంపెనీ. కంపెనీ వెనక ప్రభుత్వం. ఇద్దరికీ కావలసింది గేటు తాళమేనని రాశాను.

"అంత దూరం దేనికి? దివిసీమ రేవు చూసి రండి" అన్నాడు సాంబశివరావు. అతని ప్రెస్సులో పనిచేసే ఒకతని బావమరిది నాంచారయ్య అక్కడొక లంకలో ఉంటాడు. సొంత పడవకు ఇంజను బిగించి జనాన్ని దాటిస్తుంటే, రేవును వేలంలో పాడుకున్న పాటదారు ఆ పడవకు గొలుసు వేయించాడట. మర్నాడు పెద్దలు కూర్చుంటారట. నాకు కావలసిన కథ దొరికిందనుకున్నాను. రేవును వేలం వేసే అధికారి, నలిగిపోయే పడవవాడు. వ్యాసం సగం ప్రెస్సులోనే తయారైంది.

పామర్రులో బస్సు మారి, మొవ్వ, చల్లపల్లి మీదుగా రెండున్నరకు అవనిగడ్డ చేరాను. దారి పొడవునా ఊడ్పులైన చేలు. భోజనం బాగుంది, లాడ్జి గది బాగాలేదు. పక్క దుప్పటి వెంట తీసుకువెళ్లడం మంచిది.

ఆదివారం పొద్దున నాగాయలంక దాటి రేవుకు చేరేసరికి, ఏడింటికి లంకలో బయలుదేరిన పాటదారు పడవ ఇవతలి ఒడ్డుకు వస్తోంది. లంక పేరు రాయను. అక్కడివాళ్లు రాయవద్దన్నారు. పడవ నుంచి చేపల తట్టలతో ఆడవాళ్లు దిగారు. ఒడ్డున ఐసు పెట్టెతో కాచుకున్న బేరగాడు చెప్పిన ధరకే చాలామంది అమ్మేసి వెనక్కి తిరిగారు. తట్ట దించి అలాగే కూర్చున్నావిడను పలకరించాను. పేరు మంగమ్మ.

"నాంచారయ్య పడవున్నప్పుడు ఐదింటికల్లా దాటేవోళ్లమండి" అంది. "అవనిగడ్డ బజార్లో చేప కదులుతుండగానే అమ్మేదాన్ని. ఇప్పుడు చేప కదలట్లేదు. నేనే కదులుతున్నా, ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ."

"ఇవాళ తేలిపోతుంది కదమ్మా."

"మా బతుకు తేలేది కూడా ఇవాళేనండి. ఐదింటి పడవ లేకపోతే ఎండబెట్టి అమ్ముకోటమే. పచ్చి చేపకొచ్చేదాంట్లో సగం రాదు."

అమ్మని తట్టతో వెనక్కి బయలుదేరిన ఆమెతోపాటే అదే పడవలో లంకకు దాటాను. ఒడ్డున తాడిచెట్టుకు గొలుసుతో కట్టి ఉంది నాంచారయ్య పడవ. కొత్త నీలం రంగు. తుఫాను షెల్టరు కింద పెద్దలు చాపల మీద కూర్చున్నారు. నాకు కుర్చీ వేశారు. మంగమ్మా మిగతా ఆడవాళ్లూ బయట ఎండలో నిలబడ్డారు.

వేలం వేసిన అధికారి ఎవరని అడిగాను. కులపెద్ద లక్ష్మయ్య నవ్వాడు. "అధికారి ఎవరూ లేరండి. రేవు మాది, పాట మాది. ఏటా మేమే పాడిస్తాం. ఆ డబ్బుతో గంగానమ్మ జాతర, వలలు పోయినోళ్లకి సాయం. గవర్నమెంటు ఈ లంకకి వచ్చింది ఓట్లప్పుడేనండి."

నా సగం వ్యాసం అక్కడే మునిగింది. అయినా అనుమతి అడిగి మాట్లాడాను. పడవ ఉన్న ప్రతివాడినీ దాటించనివ్వండి, ఎవరి పడవ ఎక్కాలో ఎక్కేవాళ్లు చూసుకుంటారన్నాను. ఆస్ట్రేలియా రేవుల సంగతి, టాక్సీ పలకల సంగతి చెప్పాను. ఓటు వేయనివాడికి జరిమానా వేసే దేశమని కూడా చెప్పాను.

"ఇక్కడా అంతేనండి" అన్నాడు లక్ష్మయ్య. "పెద్దలు చెప్పిన గుర్తుకి ఓటెయ్యకపోతే తప్పు కట్టాల్సిందే. అయితే మాదీ ఆస్ట్రేలియానే." చాపల మీదివాళ్లంతా నవ్వారు. పాటదారు నా వైపు తిరిగి, "మాస్టారికి మజ్జిగియ్యండ్రా, గొంతెండిపోయుంటది" అన్నాడు.

పన్నెండు దాటాక పెద్దలు పక్కకు వెళ్లి, పాటదారునూ నాంచారయ్యనూ పిలిపించుకున్నారు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టేలోగా తీర్పు వచ్చింది. నాంచారయ్య తప్పు ఒప్పుకున్నాడు. గొలుసు విప్పేస్తారు. వచ్చే పాట దాకా రేవులో అతనికీ పాటదారుకూ చెరి సగం. రేటు కొంచెం పెంచుతారు. మొదటి పడవ ఏడింటికి.

గొలుసు విప్పుకుంటున్న నాంచారయ్య దగ్గరికి వెళ్లాను. "ఐదింటి పడవ ఏమైంది?" అన్నాను.

"ఇంక దేనికండి అది? తెల్లారకుండా లేచి ఎవడు నడుపుతాడు?"

"రేవు అందరికీ వదిలేయమని కదా మీ పోట్లాట?"

అతను నన్ను జాలిగా చూశాడు. "నేనెప్పుడన్నానండి ఆ మాట? వాటా అడిగాను, ఇవ్వలేదు. ఆళ్ల గిరాకీ కొడితే దిగొస్తారని ఐదింటికి వేశా. దిగొచ్చారు. వచ్చే ఏడు పాట మొత్తం నేనే పాడతా."

మూడింటికి తిరుగు పడవ. నీలం పడవే. డబ్బులు వసూలు చేస్తున్నది నాంచారయ్య. నా దగ్గరకు వచ్చేసరికి చేతులు అడ్డం పెట్టాడు. "మీ దగ్గర తీసుకుంటానాండీ? మా తరఫున మాట్లాడారు."

పక్కనే మంగమ్మ కూర్చుంది, అంతకుముందు ఎండబెట్టిన చేపల బుట్ట ఒళ్లో పెట్టుకుని. "అయితే ఈవిడ దగ్గరా తీసుకోవద్దు" అన్నాను.

"రేవులో అందరికీ ఒకటే రేటండి" అని ఆమె ముందు చెయ్యి చాపాడు.

"నీ పడవకి గొలుసేసిన్నాడు నీ ఇంటికి చేపలు పంపింది నేనే కదా మావయ్యా" అంది మంగమ్మ, గట్టిగా ఏమీ కాదు. కొత్త రేటే కట్టింది. నేనూ నా డబ్బు పడవ బల్ల మీద పెట్టాను. అతను నవ్వుతూ తీసి జేబులో వేసుకున్నాడు.

అవనిగడ్డ మీదుగా చల్లపల్లి పోయే బస్సులో ఆమె నా ముందు సీటులో కూర్చుంది. బుట్ట వాసనకు కండక్టరు ముక్కు మూసుకుని లగేజి టిక్కెట్టు కొట్టాడు. అవనిగడ్డ ఇంకా రాలేదు. ఆమె వెనక్కి తిరిగి, "ఆ దేశంలో తెల్లారుగట్ల పడవుంటదాండీ?" అని అడిగింది.

"ఉంటుందమ్మా. అదీ ఎవరో పాడుకున్నదే."

"అయితే అక్కడా ఆడోళ్లు ఒడ్డునే కూర్చుంటారన్నమాట" అని కిటికీ వైపు తిరిగింది.

ఎనిమిదేళ్లుగా గేటు పెట్టినవాళ్ల మీద రాశాను. గేటు ముందు నిలబడి అరిచేవాళ్లలో తాళం చెవి కోసం అరిచేవాళ్లే ఎక్కువని ఈ రెండు రోజుల్లో చూశాను. నా సిద్ధాంతం తప్పని నేను అనుకోవడం లేదు. దాన్ని కోరుకున్నది ఆ లంకలో ఎండలో నిలబడ్డ ఆడవాళ్లు మాత్రమే. వాళ్లను ఎవరూ అడగలేదు. కుర్చీలో కూర్చున్న నేనూ అడగలేదు.

చల్లపల్లిలో బస్సు మారి చీకటి పడేవేళకు బందరు చేరాను. వెళ్లదలచినవాళ్లకు: అవనిగడ్డ నుంచి నాగాయలంకకు బస్సులు తరచుగా ఉన్నాయి. రేవులో టీ దొరుకుతుంది, టిఫిను దొరకదు. పడవ రేటు పెరిగింది. లంకలో మొదటి పడవ కదిలేది ఏడింటికి. అంతకుముందు లేదు.