అత్తమ్మ గదిలో నేల లేచిన రాత్రి

నా కుడి మోచెయ్యి కింద నేల కదిలింది.

చాప కాదు. దుప్పటి కాదు. నేల... పెనం మీద రొట్టె పొంగినట్టు, మెల్లగా, నా మోచేతిని పైకెత్తింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ దిగింది.

ఇది కల్పించి రాస్తున్నది కాదు. పిల్లల మీద ఒట్టు పెట్టమంటే పెట్టను, నాకంత ధైర్యం లేదు. కాలేజీలో కళ్ళు పోయేలా చదివిన రెండేళ్ళ మీద ఒట్టు. ఇప్పుడు ఏలూరులో మా ఇంట్లో, గచ్చు నేల మీద కూర్చుని రాస్తున్నాను. పిల్లలు నిద్రపోతున్నారు. అయినా మధ్యమధ్య అరచేత్తో గచ్చును తట్టి చూసుకుంటున్నాను.

అసలు ఆ ఊరు ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి.

మండవల్లి అవతల, కొల్లేరు అంచున మా అత్తగారి ఇల్లు. మామగారు పోయాక అక్కడ ఆవిడ ఒక్కతే ఉంటోంది. మావారు ఏలూరులో తివాచీలు నేయిస్తారు. మగ్గాలు వదిలి కదల్లేరు. ఆ వేసవిలో అత్తమ్మ కబురు పంపింది, మా అయిదేళ్ళ రహీమును తన దగ్గర వదిలెయ్యమని. కారణం నేనేనట. "మీ ఆవిడ పిల్లాడు తుమ్మితే డాక్టరు, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని డాక్టరు. దాని దగ్గర పెరిగితే వాడు పిరికిపందవుతాడు" అని.

మావారు తల్లికి ఎదురు చెప్పరు. నాకూ ఎదురు చెప్పరు. "నువ్వే వెళ్ళి అమ్మతో తేల్చుకో" అన్నారు.

సరే, వెళ్ళాను. రహీమును, వాడి అక్క మున్నీని వెంటబెట్టుకుని. ఒకటే గట్టిగా అనుకున్నాను. భయం బయటపడకూడదు. పడిందా, పిల్లాడు దక్కడు. వెళ్ళిన రోజే పెరట్లో తేలు కనిపించింది. "ఓహో, తేలు" అన్నాను, బంధువును చూసినట్టు. అత్తమ్మ నావైపు అదోలా చూసింది.

ఇక ఆ నేల సంగతి. ఏటా వానాకాలం ఆవిడ పడకగదిలోకి నీళ్ళొచ్చేవి. అందుకని ఈసారి కొల్లేరు ఎండినచోట తవ్వించి, పక్కింటి సుబ్బయ్య చేత బండ్లకొద్దీ మట్టి తోలించి, గదిని మోకాలెత్తు మెరక చేయించింది. దిమ్మిస కొట్టించి, నున్నగా అలికించింది.

"చూశావా అమ్మాయ్, రాయి! ఇంక నా మనవడికి జలుబు కూడా చెయ్యదు" అంది.

ఆ సాయంత్రం నమాజు అయ్యాక అత్తమ్మ జిల్‌జాల్ సూరా చదివింది. ఖురానులో చిన్న అధ్యాయం అది. ఖయామత్ నాడు, అంటే చనిపోయినవాళ్ళంతా లేచే రోజున, ఏం జరుగుతుందో అందులో ఉంటుంది. ఆవిడకు అరబ్బీ కంఠతా వచ్చు, అర్థం రాదు. మా నాన్న నాకు అర్థం నేర్పారు.

"చదువుకున్నదానివి కదా, చెప్పు మరి" అంది. అందులో సగం ఎత్తిపొడుపే.

చెప్పాను. ఆ రోజు భూమి కంపిస్తుంది. లోపల దాచుకున్న బరువులన్నీ బయట పడేస్తుంది. మనిషి "దీనికేమయింది?" అంటాడు. భూమి తన మీద జరిగిన సంగతులన్నీ చెబుతుంది. రవ్వంత మంచి చేసినా, రవ్వంత చెడు చేసినా ఎవరిది వాళ్ళు కళ్ళారా చూసుకుంటారు.

"రవ్వంత అంటే?" అంది అత్తమ్మ.

"అణువంత అండీ. కంటికి ఆననంత."

"అంత చిన్నవి కూడానా?"

"కూడానండీ."

ఆవిడ నమాజు చాపను మడిచింది, విప్పి మళ్ళీ మడిచింది. తర్వాత "పడుకోండి" అంది.

రాత్రి తొలకరి దిగింది. ఏం వాన! చూరు నీళ్ళు గోడ వారనే ధారగా పడుతున్నాయి. గాలికి బుడ్డి దీపం ఆరిపోయింది. ఓ చివర నేను, ఆ చివర అత్తమ్మ, మధ్యలో పిల్లలు. అప్పుడే... నా మోచెయ్యి లేచింది.

కేక బయటపడకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

విన్నాను. వాన చప్పుడు. పిల్లల ఊపిరి... ఒకటి, రెండు. సరే, ఇద్దరిదీ ఉంది. కానీ అత్తమ్మ గురక లేదు. రోజూ తడిక అదిరేలా గురకపెట్టే మనిషి!

టిక్... అని ఎక్కడో నేల బీట వేసింది. వాసన వచ్చింది. పాత నీటి వాసన. ఎన్నాళ్ళగానో మూసిపెట్టినదాన్ని తెరిచినట్టు.

"అత్తమ్మా... నిద్రపోయారా అండీ?"

"ఆఁ, పోయాను. నువ్వో?"

"నేనూ పోయానండీ."

టిక్... టిక్...

"నీకేమైనా కదిలినట్టుందా అమ్మాయ్?"

"లేదండీ. మీకో?"

"నాకేం కదులుద్ది? రాయిలాంటి నేలయితేను!"

అంతలో ఆ రాయిలాంటి నేల ఆవిడను తలగడతో సహా పక్కకు దొర్లించింది.

చీకట్లో ఆవిడ సూరా అందుకుంది. నడుమ ఆగి, గుసగుసగా, "అమ్మాయ్, 'దీనికేమయింది' అని మనిషి అంటాడన్నావు కదూ? నువ్వు మాత్రం అనకు" అంది.

"అననండీ."

"భూమి చెప్పేలోపు నేనే చెప్పేస్తాను. మీ నాన్న మొన్న పంపిన మామిడిపళ్ళు సగం కుళ్ళాయని ఊళ్ళో చెప్పాను. కుళ్ళలేదు. తియ్యగా ఉన్నాయి."

"ఫరవాలేదండీ."

"కాలేజీ పిల్లకు అన్నం మాడకుండా వండటం రాదన్నాను... అది నిజమే అనుకో. నిజానికి లెక్క ఉండదేమో?"

అంత భయంలోనూ నాకు చురుక్కుమంది.

"నీకేమైనా ఉంటే నువ్వూ చెప్పెయ్యి."

"నాకేం లేవండీ" అన్నాను వెంటనే. నా మోచేతి కింద నేల మళ్ళీ లేచింది.

ఈసారి దిగలేదు.

బీట వెడల్పయిన చప్పుడు... చప్పుడు కూడా కాదు, తడిగుడ్డ చింపినట్టు. తర్వాత ఒక నిట్టూర్పు. మనిషి నిట్టూర్పులాగే, పొడుగ్గా. నా మడమకు చల్లగా... మెత్తగా... ఏదో రాసుకుంది. వెళ్ళింది. టప్. ఆగింది. టప్... టప్... రహీము వైపు.

పిల్లాణ్ణి లాక్కుందామంటే చెయ్యి రాలేదు. నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలియలేదు. టప్... వాడి తల దగ్గర ఆగింది. ఎవరో ముసలాయన సవరించుకున్నట్టు గొంతు చప్పుడు...

ఆ తర్వాత ఏమీ లేదు. వాన ఒక్కటే.

"అమ్మాయ్" అంది అత్తమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, చిన్నపిల్ల గొంతు. "వాడికి ధైర్యం రావాలని కాదే నేనడిగింది. మీ మామగారు పోయినప్పట్నించి నేను దీపం లేకుండా పడుకోలేదు. ఒక్కదాన్నే ఉండలేక అడిగాను. నిన్ను పిరికిదానివన్నాను గానీ..."

మాట పూర్తి కాలేదు. పిల్లల మీదుగా చెయ్యి చాపింది. పట్టుకున్నాను. చల్లగా ఉంటే ముందు అదేననుకుని ఉలిక్కిపడి వదిలేశాను. మళ్ళీ పట్టుకున్నాను.

ఎంతసేపటికో వాన తగ్గింది. అగ్గిపెట్టె దొరికింది. దీపం వెలిగించాను. నా చాప పక్కన చెంబు పట్టేంత గుంత. అక్కణ్ణించి తడిచార. మున్నీ కాళ్ళ పక్కగా వెళ్ళి, రహీము చాప చుట్టూ ఒక చుట్టు తిరిగి... ఆగిపోయింది. నేల నడిబొడ్డున. అక్కణ్ణించి ఎటూ పోలేదు. రహీము నోరు తెరిచి హాయిగా నిద్రపోతున్నాడు. తలుపు చూశాను. లోపలి గడియ వేసినట్టే ఉంది.

తెల్లవారాక సుబ్బయ్య పారతో వచ్చాడు. చూసి పెద్దగా నవ్వాడు.

"కొరమీనండీ, ఇంకేం కాదు! ఎండల్లో బురదలోకి దూరి పడుకుంటాయి, తొలకరి పడితే లేస్తాయి."

"మరి అదేదీ?" అంది అత్తమ్మ.

"పోయుంటదండీ."

"ఎలా పోతుంది? గడియ వేసుంది."

సుబ్బయ్య గుంత తవ్వాడు. ఇంకా తవ్వాడు. మూలల్లో వెతికాడు. తలగడలు దులిపాడు. పైకప్పు కేసి చూశాడు. నవ్వు తగ్గిపోయింది. తడిచారను తొక్కిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఒరే సుబ్బయ్యా, ఈ మట్టి ఎక్కడ తవ్వావు?" అంది అత్తమ్మ.

"కొల్లేట్లోనేనండీ... గట్టు పక్కన."

"గట్టు పక్కన ఏముంది?"

"ఏం లేదండీ" అన్నాడు. అడక్కముందే అన్నంత తొందరగా. ఆవుకు మేత వెయ్యాలంటూ వెళ్ళిపోయాడు. పార మాత్రం మా గదిలోనే వదిలేశాడు. నేను బయల్దేరేదాకా దానికోసం రాలేదు.

కొరమీను అయ్యుండొచ్చు. కాలేజీ చదివినదాన్ని, నేనూ అలాగే అనుకోవాలి. పగలు అలాగే అనుకుంటాను కూడా. కానీ చేప నిట్టూరుస్తుందా? నిద్రపోతున్న పిల్లాడి చుట్టూ తిరిగి, వాడి తల దగ్గర ఆగి, గొంతు సవరించుకుంటుందా?

పిల్లలు లేచారు. రహీము గుంత ఒడ్డున బోర్లా పడుకుని లోపలికి తొంగిచూశాడు.

"అమ్మా, ఇందులో ఎవరున్నారు?"

ఉరిమితే ఒక జవాబు, నక్క అరిస్తే ఒక జవాబు, వాళ్ళు భయపడకుండా అన్నిటికీ జవాబులు కల్పించి పెట్టుకునే మనిషిని నేను. ఆ పొద్దున ఒక్కటీ నోటికి రాలేదు.

"తెలీదు నాన్నా" అన్నాను. "ఎవరైతేనేం, లేచి వెళ్ళిపోయారు. మనమూ వెళ్దాం పద, స్టేషనుకి వెళ్ళడానికి ఎడ్లబండి వచ్చింది."

"నేనూనా? మరి నానమ్మ ఒక్కతే ఉంటదా?" అని రహీము బిక్కమొహం వేశాడు.

"నానమ్మ ఎప్పుడో బండెక్కి కూర్చుంది" అన్నాను. "త్వరగా మొహాలు కడుక్కోండి. లేకపోతే మనల్ని ఇక్కడే వదిలేసి ఏలూరు వెళ్ళిపోతుంది."