పైడమ్మక్క పైటకు అంటిన సెంటు

1968 మార్చి. శృంగవరపుకోట దగ్గర పల్లెలో నేను కాపరానికి వచ్చి నలభై ఒక్క రోజులైంది. మా తోడికోడలు పైడమ్మక్క నాలుగేళ్ళ కూతురు మశూచితో మంచాన పడి ఆరు రోజులు. ఇంట్లో అమ్మవారు ఉన్నప్పుడు తాలింపు పెట్టకూడదు, పూలు ముడవకూడదు, సెంటు వాసన అసలు రాకూడదు.

ఆ సాయంత్రం రైలుకు మా ఆయన తన ఉద్యోగం ఉన్న ఖరగపూర్ నుంచి వస్తున్నారు. పెళ్ళికి ఆయన తెచ్చిన మల్లె సెంటు రెండు చుక్కలు మెడకు రాసుకున్నాను. అంతలో పైడమ్మక్క వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆవిడ వెళ్ళగానే భయమేసి స్నానం చేసి చీర మార్చుకున్నాను. మళ్ళీ పిల్ల పక్కకే చేరిన అక్క, నా సెంటు అంటిన చీర మార్చుకోలేదు.

మర్నాడు ఉదయం పిల్ల పోయింది. అక్కను లేవదీయబోయిన అత్తగారికి పైట వాసన తగిలింది.

"సెంటేటే ఇది? ఇంట్లో అమ్మోరుంటే సోకులు సేసుకున్నావా? నువ్వే సంపీసేవే దాన్ని!"

సెంటు ఎవరిదో అక్కకు తెలుసు. నా వంక ఒకసారి చూసి, "తప్పైపోనాది అత్తా" అంది. నేను నోరు విప్పలేదు.

పదకొండో రోజు నూతి దగ్గర ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను.

"నా పేరెందుకు సెప్పలేదక్కా?"

"కొత్త కోడలివి, పుట్టింటికి తోలేస్తారే. నాకింక పోడానికేటున్నాది?" అని బిందె ఎత్తుకుంది.

సెంటుకీ మశూచికీ సంబంధం లేదని తర్వాత తెలుసుకున్నాను. అత్తగారు ఆపైన పద్నాలుగేళ్ళు బతికారు. అన్నాళ్ళూ అక్కను ఆ మాట అంటూనే ఉన్నారు, నేను పక్కనే ఉండి వింటూనే ఉన్నాను.