పురుగులు లేని పట్టుగది

ఫూమన్ పక్క పల్లెలో కౌకబ్ నోటికి జడవనివాళ్లు లేరు. పట్టుపురుగులు మేత మీదున్న రోజుల్లో మరీను. మడిగట్టున గుంజల మీద లేపి వరిగడ్డి కప్పిన ఆమె పట్టుగది దరిదాపులకు కూడా ఎవరూ పోయేవారు కాదు. పరాయి కన్ను పడితే పురుగు మేత మానేస్తుందని ఆ సీమలో చంటిపిల్లకూ తెలుసు. ఒకసారి సొంత ఆడపడుచునే నిచ్చెన మీంచి దింపేసింది. "ముచ్చట్లేమన్నా ఉంటే కిందనించే చెప్పు, వింటా. ఇంకో మెట్టెక్కావా, కాళ్లు విరగ్గొడతా!"

అంతటి మనిషి పరాయివాళ్లలో ఒక్కడికి మాత్రం ఆ తలుపు తీసింది. తీరా చూస్తే అతను ఆమె చేత అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నవాడు.

యాత్ర చేసొచ్చినందుకు ఊరంతా కర్బలాయి అని పిలిచే ఎస్కందర్, రష్త్ పట్నంలో ఉండే భూస్వామి తరఫున ఊరి పంటలో సగం కొలుచుకుపోయే పెత్తందారు. అతని మానికకు అడుగుండదని ఊళ్లో సామెత. పండించినవాళ్లు చలికాలం చివరకు గంజి తాగాల్సి వచ్చేది.

అలాంటి ఊరికి ఒక ఎండాకాలంలో గణతంత్రం వచ్చింది. ఏళ్ల తరబడి అడవిలో దాగి పోరాడిన జుట్టు పెంచిన మనుషులు రష్త్‌లోకి దిగి, ఇక రాజు లేడు, భూస్వామి లేడు అన్నారు. భూస్వామి తెహరాన్‌కు ఉడాయించాడు. తల్లి పోయాక కౌకబ్ వీపున కట్టుకుని పెంచిన తమ్ముడు నోరూజ్, వాళ్లలో ఒకడై, భుజాన తుపాకీతో గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, ఇక కొలిచేవాడు లేడే!"

"ముందు ఆ బురదకాళ్లు కడుక్కో," అంది కౌకబ్. అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అవి నాట్ల రోజులు. అక్కడ ఒకరి మడిలోకి ఊరి ఆడవాళ్లంతా దిగి నాటుతారు, ఆమె మళ్లీ అందరి మడుల్లో దిగి ఆ నాటు తీరుస్తుంది. ఆ ఏడు మాత్రం పెత్తందారు మడిలో కాలు పెట్టకూడదని అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. ఎస్కందర్ పెళ్లాం తూబా మోకాళ్లదాకా బురదతో కౌకబ్ వాకిట్లోకి వచ్చింది.

"నారు ముదిరిపోతోంది చెల్లీ. ఒక్కదాన్ని ఎంతని నాటను?"

నోరూజ్ మండిపడ్డాడు. "వెళ్లావంటే ఊరంతా నవ్వుతుందక్కా."

"నవ్వనీరా. మొగుడు చేసిన పాపానికి నారేం చేసింది?"

వెళ్లింది. మడి పూర్తయ్యేదాకా వంచిన నడుం ఎత్తలేదు, ఎస్కందర్‌ను తిట్టడమూ ఆపలేదు. అతను గట్టుమీద తలవంచుకుని నిలబడి అన్నీ విన్నాడు. పోయేటప్పుడు తూబా వెల్లుల్లి ఊరగాయ ఇవ్వబోతే, "నీ చేతిదైతే తింటా, నీ మొగుడిదైతే పారేస్తా" అని తీసుకుంది.

ఆ ఏడు పండిందంతా ఇంట్లోనే ఉండిపోయింది. పొగమీద ఆరబెట్టిన కొత్త బియ్యం, చేప, కడుపునిండా అన్నం. తర్వాత ఏం జరిగినా ఆ ఒక్క ఏటి అన్నానికి ఆమె చివరిదాకా దండం పెట్టుకుంటూనే ఉంది.

రెండో చలికాలం వచ్చేసరికి అంతా కూలిపోయింది. నాయకులు తమలో తాము కొట్టుకున్నారు, తెహరాన్ నుంచి రాజుగారి గుర్రపు సైన్యం, కొసాక్కు దళాలు దిగాయి. అడవి నాయకుడు మంచులో గడ్డకట్టి పోయాడన్న కబురు వెనకే నోరూజ్ వచ్చాడు. వాచిన కాళ్లతో నిచ్చెన ఎక్కలేకపోతే కౌకబే భుజం మీదికి ఎత్తి పట్టుగదిలోకి తోసి, గడ్డి కప్పింది.

మర్నాడు పొద్దెక్కాక సైనికులు వచ్చారు. ఇళ్లు చూపించడానికి ముందు నడుస్తున్నది ఎస్కందర్! పెత్తనం మళ్లీ అతని చేతికొచ్చింది. కౌకబ్‌కు తను తిట్టిన తిట్లన్నీ ఒక్కటొక్కటిగా గుర్తొచ్చాయి.

అధికారి నిచ్చెన మీద కాలు పెట్టాడు. కొండలకవతలి కజ్వీన్ మనిషి, వరన్నం తిన్నాడే తప్ప మడీ ఎరగడు, పట్టుపురుగూ ఎరగడు.

"ఆగండయ్యా!" ఎస్కందర్ పరుగెత్తాడు. "లోపల పురుగులు మేత మీదున్నాయి. పరాయివాళ్ల నీడ పడిందా, నల్లబడి చస్తాయి. మా దొరగారి పట్టు మొత్తం పోతుంది. ఆయన తెహరాన్‌లో పెద్దవాళ్లకు చెబితే అడిగేది నన్ను కాదు, మిమ్మల్ని."

అధికారి వెనకే మల్బరీ చెట్టుంది. దాని మీద ఒక్క ఆకు లేదు, కొమ్మలనిండా మంచు. వసంతంలో తప్ప అక్కడ పురుగు పుట్టదు. ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. ఒక్కరూ నవ్వలేదు.

"కాస్త నెమ్మదిగా మాట్లాడండి బాబూ," అంది ఒక ముసలామె గుసగుసగా. "వాటికి చప్పుడు పడదు."

అధికారి కాలు వెనక్కి తీశాడు. "సరే, సరే," అన్నాడు తనూ గుసగుసగానే. సైనికులు మునికాళ్ల మీద వాకిలి దాటారు.

నోరూజ్ కాళ్లు నయమయ్యాక అంజలీ రేవుకు పోయి పడవలు చెక్కే పనిలో కుదిరాడు. కౌకబ్ తూబా ఇంటికెళ్లి, ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది. "ఎందుకు చేశావు కర్బలాయీ?"

"నేనేం చేశాను? పురుగులున్నాయన్నాను," అన్నాడు ఎస్కందర్ టీ తాగుతూ.

తూబా కౌకబ్ చెయ్యి పట్టుకుంది. "నీ నాటు తీర్చాడమ్మా. మడిలో దిగి తీర్చడం ఆయనకు చాతకాదుగా."

ఎస్కందర్ మంచివాడైపోయాడని కాదు. తర్వాతి కోతల్లోనూ అదే మానికతో కొలిచాడు, కౌకబ్ అంతే గట్టిగా తిట్టింది. కానీ ఆ కోతలకు ముందే, వసంతం వచ్చి పురుగులు జోరుగా మేస్తున్న రోజున, దారిన పోతున్న అతన్ని ఆమే కేకేసి పిలిచింది.

"పైకి రా కర్బలాయీ."

"నా కన్ను పడకూడదేమో."

"నీ కన్ను పడబట్టే నా ఇల్లు నిలిచింది. రా!"

అతను చెప్పులు విడిచి, తలవంచి లోపలికి వచ్చాడు. వేల పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు గదంతా వాన కురిసినట్టుంది. కౌకబ్ ఒక తట్ట అతని ముందుకు జరిపింది.

"ఈసారి నిజంగానే ఉన్నాయే," అన్నాడు ఎస్కందర్, గుసగుసగా.