మనవరాలి కడుపు మీద మూడు వాతలు

నా మనవరాలి కడుపు మీద మూడు మచ్చలున్నాయి. అవి పెట్టింది నేనే. ఆమెకు ఆరు నెలలప్పుడు జ్వరం వచ్చి, ఊపిరందక డొక్కలెగరేసింది. మా వరంగల్ కాశిబుగ్గలో పసిపిల్లలకు అలా అయితే వాతలు పెట్టేవాళ్లం. కోడలిని బయటికి పంపి, సన్నటి ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి మూడు చోట్ల అంటించాను. పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. సాయంత్రానికి దవాఖానకు తీసుకుపోతే సూదిమందులిచ్చి నాలుగు రోజులు ఉంచుకున్నారు. బతికింది. నా వాతలతోనే బతికిందని ఏళ్ల తరబడి వాడకట్టంతా చెప్పుకున్నాను.

ఇంటర్ అయ్యాక ఆమె నర్సు చదువు చదువుతానంది. నా కొడుకు, నేను జంపఖానాలు నేసి బతికేవాళ్లం. ప్రైవేటు కాలేజీ మాకు అందేది కాదు. మిలిటరీ వాళ్లు ఆడపిల్లలకు నర్సింగ్ ఉచితంగా చదివిస్తారని, చదువయ్యాక వాళ్ల దవాఖానల్లోనే కొన్నేళ్లు పనిచేస్తానని ముందే బాండు రాసివ్వాలని కాలేజీలో మేడమ్ చెప్పింది. కొడుకు జంకాడు.

“ఆడివిల్లను మిలిటరీకి తోల్తమా అవ్వా? ఆడ తుపాకులుంటయ్.”

“తుపాకులు పట్టేటోళ్లకు కట్లు గట్టనీకి పోతాంది. నీకేం ఫికర్? నువ్వు మగ్గం కాడ కూసో.”

పరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కింది. మిగిలింది ఒంటి పరీక్ష, అది ఢిల్లీలో. కొడుక్కి హిందీ రాదు, నాకు వచ్చు కాబట్టి వెంట నేనే పోయాను. బయట బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నానికి మనవరాలు ముఖం వేలాడేసుకుని వచ్చింది.

“మచ్చలేందని అడిగిండ్రు నాయినమ్మా. చిన్నప్పుడు గంజి ఒలికిందని చెప్పిన. గంజి వడితే గీతలు గీసినట్టు ఉండదట. కడుపుల ఆపరేషన్ అయితే దాస్తానవా అంటాండ్రు. రేపు స్కానింగ్ తీస్తరట. ఇంట్లోళ్లతోని రాయించుకొని రమ్మన్నరు. తేడా వస్తే సీటు పోతది.”

“గంజి అని ఎందుకు చెప్పినవే?”

“నర్సు కావాల్నని వచ్చి, మా నాయినమ్మ వాతలు వెట్టిందని చెప్పాల్నా? నిన్ను తిడతరు.”

“తిడితే నన్ను తిడతరు, నీకేం నొస్తాంది? జర కాయితం తే.”

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, పెద్దల బడిలో. సంతకానికి, బస్సు బోర్డుకు తప్ప వాటి అక్కర పడలేదు. ఆ సాయంత్రం సత్రంలో కూర్చుని రాశాను. ఈ మచ్చలు ఆపరేషన్‌వి కావు. జ్వరమొస్తే కడ్డీ కాల్చి నేనే పెట్టాను. ఇంతవరకు తేలిగ్గానే వచ్చింది. ‘దానితో తగ్గింది’ అని రాయబోయి ఆగాను. నోటితో వందసార్లు చెప్పిన మాటే. కాగితం మీద పెట్టాలంటే చెయ్యి కదల్లేదు. దానితో తగ్గలేదు, దవాఖానలో సూదిమందుతో తగ్గింది అని రాసి సంతకం చేశాను.

మర్నాడు స్కానింగ్‌లో ఏమీ లేదు. పెద్ద డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. కాగితం తెలుగులో ఉంది కాబట్టి మనవరాలే హిందీలో చదివి చెప్పింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. నా వంక చూసి, తర్వాత చదివింది.

మీరే పెట్టారా అని డాక్టరమ్మ అడిగింది.

“హౌ, మైచ్ లగాయి,” అని నేనే పెట్టానని ఒప్పుకున్నాను.

నా వరంగల్ హిందీకి ఆమె నవ్వలేదు. ఐదు నిమిషాలు తిట్టింది. తిట్టి, ఫిట్ అని రాసింది.

మెట్లు దిగుతూ మనవరాలు అడిగింది. “ఇన్నేండ్లు వాతలతోనే బతికినవంటివి గదా?”

“అంటి.”

“మరి వాడకట్టుల గూడ చెప్తవా?”

చెప్పాను. ఇద్దరు ముసలమ్మలు ఇప్పటికీ నమ్మడం లేదు. వాళ్లలో ఒకామె మొన్న మనవడిని ఎత్తుకొచ్చింది, కడ్డీ కాల్చమని. ఆటో పిలిచి దవాఖానకు పంపాను. ఆటో మలుపు తిరిగేదాకా నన్ను తిడుతూనే పోయింది.