పగుళ్లలో రావి మొక్కలు

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే నేను, తెనాలి ప్రదర్శన కోసం అడుగున్నర ఎత్తున మట్టి ఇల్లు చేసి కాల్చి, గోడల పగుళ్లలో ఏడు రావి మొక్కలు పెంచాను. రెండు రోజుల్లో మూడు మాయమయ్యాయి. పీకిన చోట పగుళ్లను మట్టితో పూడ్చి ఉండడంతో, జాడ చెరపడానికేననుకున్నాను. ఆ శిల్పం ఉంచిన షెడ్డుకు రెండో తాళంచెవి తోటి శిల్పి ప్రసాద్‌ది.

"నువ్వే పీకావు" అన్నాను. అతను తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను షెడ్డు తెరిచి, వెళ్లి నీళ్లు పట్టుకొచ్చేసరికి, రోజూ అక్కడ ఊడ్చే మరియమ్మ నాలుగో మొక్క పీకి, ఆ పగులుకు తడిమట్టి మెత్తుతోంది.

"ఏంటి మరియమ్మా, ఈ పని?"

"గోడలో రావి మొలిస్తే ఇల్లు నిలుస్తదేంటి సార్? మా ఇల్లు అట్టాగే కూలిందండి."

ఆమె వేలిముద్రలు చెరపకుండానే, మిగిలిన మూడు మొక్కలతో శిల్పాన్ని తెనాలి పంపాను. ప్రసాద్‌కు క్షమాపణ చెప్పి తాళంచెవి తిరిగిచ్చాను. తీసుకున్నాడు. కానీ నేను లేనప్పుడు మాత్రం ఇప్పటికీ ఆ షెడ్డు తలుపు తీయడు.