మా ఇంటి గోడ పార్టీలో చేరిన ఆదివారం

మీలో ఎవరైనా సొంత ఇంటికి రంగు వేసుకుని, మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర "టీ షర్టులు ఎప్పుడు పంచుతారు?" అని అడిగే మనిషిని చూశారా? లేదా? అయితే నవ్వకుండా వినండి. యూనివర్సిటీలో రాజకీయాల మీద డిబేట్లు చేసి, మైకు లాక్కున్నా నోరు మూయని నేను, నా చేతులతో నేనే మా ఇంటిని ఎన్నికల ఆఫీసు చేసేశాను. అదీ నాకు తెలియకుండా!

అంతా మా అవ్వ కోసమే. రిజర్వాయర్ హిల్స్‌లో మా ఇల్లు కొండవాలున దక్షిణం వైపు తిరిగి ఉంటుంది. భూమధ్యరేఖకి కిందున్న ఈ దేశంలో జూన్ అంటే చలికాలం; సూర్యుడు ఉత్తరం పక్కనుంచి నడిచిపోతాడు, మా ముందుగదిలోకి తొంగి కూడా చూడడు. ఆ గదిలోనే అవ్వ కుర్చీ. ఉన్ని జెర్సీ మీద జెర్సీ, దాని మీద శాలువా, మిట్టమధ్యాహ్నం కూడా లైటు.

"ఇది ఇల్లా, ఫ్రిజ్జా? నానెల్లిపోతానే సిన్నోడి ఇంటికి. ఆడ అన్నీ అద్దాలే. అంతా ఎండే."

సిన్నోడంటే మా బాబాయి. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో కొత్త ఇల్లు కొన్నాడు. అవ్వ వయసులో ఉండగా చెరకు నరికింది ఆ నేల మీదే! ఇప్పుడక్కడ బాబాయి పచ్చగడ్డి పెంచి మెషిన్‌తో కోయిస్తాడు. ఆదివారం కారు తెస్తానన్నాడు. అవ్వ బట్టలు కూడా సర్దేసుకుంది.

ఆవిడ వెళ్ళిపోతే నా గతేమిటి? ఇంట్లో నాతో వాదించేది ఆవిడొక్కతే. అమ్మ ప్రతిదానికీ "సరే సరే" అంటుంది. నాన్న నా రెండో వాక్యానికే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. ఎదురు చెప్పేవాళ్ళు లేని ఇంట్లో నేను బతకలేను బాబూ!

అందుకే శుక్రవారం అవ్వ ముందు నిలబడి స్పీచ్ ఇచ్చాను. "సమస్య సూర్యుడు కాదు అవ్వా, ఆ బూడిదరంగు వరండా గోడ. దాన్ని పసుపు చేస్తే వెలుగు గోడకి తగిలి గదిలోకి వస్తుంది. ఇది సైన్సు!"

"గోడ ఎండ కాస్తదా?" అంది అవ్వ.

చూశారా, ఒక్క ముక్కలో కొట్టేసింది. ఇక ఊరుకుంటానా?

శనివారం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హార్డ్‌వేర్ షాపుకెళ్ళాను. ఎవరో నచ్చలేదని తిరిగిచ్చేసిన డబ్బాలు ఒక మూల పెట్టి ఉంటాయక్కడ. నిగనిగలాడే పసుపు దొరికింది. పక్కనే మంచి ఆకుపచ్చ. అబ్బ, తలుపుకీ కిటికీ చట్రాలకీ ఎంత బాగుంటుందో! ఇంటికొచ్చి సాయంత్రం దాకా ఒకటే ఊపు. గోడ పసుపు, తలుపు ఆకుపచ్చ. కిటికీ ఊచలు ఎలాగూ నలుపే. తుప్పు పట్టినచోట గరాజ్‌లో మిగిలిన నల్లరంగు కూడా పూశాను. పద్ధతిగా ఉండాలి కదా! మధ్యలో అటుగా వెళ్తున్న ట్యాక్సీ హారన్ కొట్టింది. నా పనితనం మెచ్చుకున్నారనుకుని చెయ్యి కూడా ఊపాను.

ఆదివారం పొద్దున ఆ టీ షర్టుల మనిషి వచ్చాడు. పాపం, అడ్రస్ పొరపాటనుకున్నాను. ఆ వెనకే పక్కింటి జాయ్స్ ఆంటీ. మతం మారకముందు జయమ్మ, అవ్వకి ఇప్పటికీ జయే. చేతిలో బైబిల్‌తో చర్చికి బయల్దేరి గేటు దగ్గర బిగుసుకుపోయింది.

"వాసంతీ! డాడీ ఎలక్షన్‌కి నిలబడుతున్నాడా? ఒక్క మాట చెప్పలేదే! ప్రేయర్ చేసేదాన్ని కదా!"

నాన్న పేపరు దింపాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకెళ్ళి వెనక్కి తిరిగి చూశాడు.

"ఇలా రా," అన్నాడు చాలా మెల్లగా. "ఇక్కడ నిలబడి చూడు."

చూశాను. నలుపు, ఆకుపచ్చ, పసుపు. దేశాన్ని ఏలుతున్న పార్టీ జెండా! మా ఇల్లంత జెండా, ఒక్క కర్ర తక్కువ! అందరికీ ఓటొచ్చాక మన మునిసిపాలిటీకి జరిగే మొదటి ఎన్నికలకి ఇంకా కొద్దిరోజులే ఉంది. పైగా నాన్న హైస్కూల్ మాస్టారు, పోలింగ్ డ్యూటీ పడింది. ఏ పార్టీవైపూ ఉండనని సంతకం పెట్టి వచ్చాడు.

"ఏ పార్టీవైపూ లేను అని ఇప్పుడు ఎవరికి చెప్పను? ఈ గోడ ముందు నిలబడి చెప్పనా?"

జవాబు చెప్పబోయేంతలో ఒక గోగో, అంటే జులూ మామ్మ, కొండెక్కి ఆయాసపడుతూ వచ్చి మెట్ల మీద కూలబడింది. ఐడీ పుస్తకం చూపించి, ఓటు ఎక్కడ వెయ్యాలని కాబోలు, జులూలో అడిగింది. నాకు వచ్చిన జులూ "సానిబోనా" అనే నమస్కారంతో సరి. అదే రెండుసార్లు అన్నాను.

అప్పుడు తెరుచుకుంది ఆ ఆకుపచ్చ తలుపు. అవ్వ! శాలువా జారిపోతున్నా పట్టించుకోకుండా, "హ్లాలా ఫాన్సీ, గోగో!" అని కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఇక ఇద్దరూ గలగలా జులూలోనే. ఆ మామ్మ కూడా చెరకు తోటల్లో పని చేసిందట. కత్తి ఎలా పట్టాలో ఒకరికొకరు గాలిలో చూపించుకుంటున్నారు! ఇంతలో ఇంకో ఇద్దరు, వాళ్ళ వెనక ఒక కుటుంబం. వరండా నిండిపోయింది.

"టీ పెట్టవే! సెనగలు పోపెయ్యి!" అని అవ్వ నాకు కేక. వచ్చినవాళ్ళందరితోనూ ఒకటే మాట: "ఓటు ఎవుడికైనా ఎయ్యండి, ముందు టీ తాగండి." నాన్న తల పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే బాబాయి పెద్ద కారు ఆగింది. సూటు, నల్లకళ్ళద్దాలు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. క్యాండిడేట్ వచ్చాడనుకున్నారు! ఒకాయన చెయ్యి పట్టుకుని, తమ వీధిలో లైట్లు లేవన్నాడు. బాబాయి గొంతు సవరించుకుని, "తప్పకుండా చూద్దాం," అన్నాడు. ఒట్టు, అన్నాడు!

"పదమ్మా, వెళ్దాం," అన్నాడు కాసేపటికి.

"యాడికిరా? కనపడతల్లే? మీటింగ్ నడుస్తా ఉంది," అంది అవ్వ.

సర్దిన బట్టలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. నేను గెలిచాననుకుంటున్నారా? ఆగండి. సోమవారం నాన్న తెల్లరంగు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. గోడ దగ్గరికెళ్తే, అడ్డంగా అవ్వ కుర్చీ. తటస్థత, ప్రజాస్వామ్యం, నాన్న ఉద్యోగం, అన్ని పాయింట్లూ చెప్పాను. అవ్వ అంతా విని, "నువ్వే కదే అన్నావు, గోడ ఎండ కాస్తదని. కాసింది. సూస్తన్నావు కదా. ఇంక పో," అంది.

కప్పులు గెలిచిన డిబేటర్‌ని, డబ్బా మూత కూడా తియ్యకుండా గరాజ్‌లో పెట్టి వచ్చాను!

అందుకని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఈ శనివారం అందరూ బ్రష్షులు తీసుకుని మా ఇంటికి రండి. మీలో నోరున్నవాళ్ళు ఇద్దరు అవ్వని మాటల్లో పెట్టండి, మిగతావాళ్ళం గోడ సంగతి చూద్దాం. కానీ దయచేసి వెనక గేటు నుంచి రండి. ముందు నుంచి వచ్చారో, ఓటెక్కడ వెయ్యాలో చెప్పి, టీ తాగించి పంపించేస్తుంది. ఆ టీ పెట్టేది కూడా నేనే!